ఇల్లూ వాకిలీ: పక్క ఖాళీగా, ఇల్లు నిండుగా

ఉగాది నాడు భోజనాల దగ్గర మన సభ్యురాలు ఒకావిడ మా పక్కన కూర్చొని మెల్లగా ఒక మాట అన్నారు. "మా అమ్మాయికి ఏడో నెలండీ. పాపకు గది సర్దమంటోంది. తను చెప్పిన సామాన్లలో నాకు తెలిసిందొక్కటీ లేదు. నేను ఊరి నుంచి తెచ్చిన వాటిలో తను వాడతానన్నదొక్కటీ లేదు. ఇంక నేనొచ్చి ఏం లాభం చెప్పండి?" ఆ మాట నవ్వుతూనే అన్నారు గాని, పులిహోర విస్తట్లోనే వదిలేసి లేచారు.

ఈ నెల శీర్షిక ఆవిడ కోసం. ఆవిడ ఒక్కరి కోసమే కాదు. వేసవి సెలవులకు ముందూ వెనకా ఘుబ్రాలో నాలుగైదు ఇళ్ళకు అమ్మమ్మలూ నాయనమ్మలూ తాతయ్యలూ దిగబోతున్నారని విన్నాం. ఊళ్ళో వాళ్ళ మాటకు తిరుగులేదు. ఇక్కడికి వచ్చేసరికి లిఫ్టు మీట ఏది నొక్కాలో కూడా మనవడినో మనవరాలినో అడగాలి. అటువంటి చోట బిడ్డ గది సర్దడంలో వాళ్ళ చెయ్యి ఎక్కడ పడాలి, ఎక్కడ పడకూడదు అన్నది చిన్న సంగతిలా కనిపించినా, ఇళ్ళలో మనసులు విరిగేది ఇలాంటి చోటే. మా ఇంట్లోనూ విరగబోయింది. ఆ కథ ముందుకు వస్తుంది.

ముందు సామెతతో మొదలుపెడదాం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. బిడ్డ భూమ్మీద పడకముందే ఉయ్యాల కొనడం, గోడలకు రంగులు వేయడం, బొమ్మలు వరసగా పేర్చడం మన పెద్దవాళ్ళకు గిట్టదు. పురిటిబిడ్డకు మొదట వేసేది కూడా కొత్త చొక్కా కాదు. పిల్లలు చక్కగా పెరిగిన ఇంటి నుంచి అడిగి తెచ్చిన పాత చొక్కా. ఇది విని ఈ కాలం పిల్లలు "మూఢనమ్మకం" అంటారు. అనకండి అని చెప్పే అర్హత మాకు లేదు. ఎందుకంటే 1993లో మేమూ ఆ మాటే అన్నాం.

అప్పుడు మేము ఘుబ్రాలో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. మా పెద్దమ్మాయి కడుపున ఉంది. రువీలో ఒక దుకాణంలో తెల్ల రంగు వేసిన మంచం చూశామనీ, కొనబోతున్నామనీ తెనాలికి ఉత్తరం రాశాం. అమ్మ దగ్గర నుంచి జవాబు వచ్చింది: "నేను వచ్చేదాకా ఏమీ కొనకండి." అమ్మ వచ్చింది. ఇవాళ కొందాం అంటే మంగళవారం అనేది, రేపు అంటే అమావాస్య అనేది. తొమ్మిదో నెల వచ్చినా ఇంట్లో బిడ్డకంటూ ఒక గుడ్డముక్క లేదు. ఒక రాత్రి మేము విసుక్కొన్నాం. అప్పుడు చెప్పింది అమ్మ.

మాకంటే ముందు ఒక మగపిల్లవాడు పుట్టాడట. తాతగారు ముచ్చటపడి, ఎనిమిదో నెలలోనే వడ్రంగిని ఇంటికి పిలిపించి టేకు ఉయ్యాల చేయించి, సావిట్లో దూలానికి వేలాడదీయించారట. పిల్లవాడు నాలుగు రోజులున్నాడు. ఉయ్యాల విప్పడానికి ఇంట్లో ఎవరికీ చెయ్యి రాలేదు. "నెల్లాళ్ళు అలాగే ఉంది. గాలికి దానంతట అది ఊగేది" అన్నది అమ్మ. అంతకు మించి ఏమీ చెప్పలేదు. మేమూ ఏమీ అడగలేదు. మంచం మాట ఆ తర్వాత మేము ఎత్తలేదు.

1971లో మన దేశంలో ప్రాణంతో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 129 మంది ఏడాది నిండకుండానే పోయారని ప్రభుత్వ లెక్క. 2020 నాటికి ఆ సంఖ్య 28కి దిగింది. మా అమ్మ పురుడు ఆ మొదటి లెక్క కన్నా వెనకటిది. వెయ్యిలో నూటపాతిక ఉయ్యాలలు ఖాళీగా మిగిలే కాలంలో, ముందుగా ఏదీ కొనవద్దన్న నియమం ఎక్కడ నుంచి పుట్టిందో వేరే చెప్పనక్కర లేదు. కాబట్టి అమ్మాయిలూ, అబ్బాయిలూ, మీ అమ్మగారో అత్తగారో "అప్పుడే ఎందుకమ్మా" అంటే వాదానికి దిగకండి. వాళ్ళు ఎవరి ఖాళీ ఉయ్యాల చూశారో మీకు తెలియదు.

అలాగని పెద్దవాళ్ళు చేతులు కట్టుకొని కూర్చోవలసిన పని లేదు. కొనడం తర్వాత. కొలవడం, ఉతకడం, తుడవడం, కుట్టడం ముందు. ఈ నాలుగింటికీ వర్జ్యం లేదు, దుర్ముహూర్తం లేదు. బిడ్డ గదిలో నూటికి తొంభై పాళ్ళు పని ఈ నాలుగే.

ఇక కిందటేటి సంగతి. మా పెద్దమ్మాయి ఇప్పుడు సొహార్‌లో ఉంటోంది, అల్లుడికి అక్కడ ఉద్యోగం. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా. దాని పుట్టిల్లు తెనాలి కాదు, ఘుబ్రాలో ఈ అద్దె ఇల్లే. ఏడో నెలలో సొహార్ నుంచి రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు కారులో వచ్చి దిగింది. నెల తర్వాత మా వియ్యాలవారు రాజమండ్రి నుంచి వచ్చారు. రెండు జతల పెద్దవాళ్ళం, ఒక గది, రాబోయే ఒక బిడ్డ. మేము నేర్చుకొన్నదంతా ఆ మూడు నెలల్లోనే.

మొదటిది మంచం. మన ఊరివాళ్ళ సంప్రదాయం మీకు తెలిసిందే. ఒక ఇంట్లో పిల్లవాడు పెరగగానే మంచం ఇంకో ఇంటికి పోతుంది. మాకు వచ్చిన మంచం ఎన్ని ఇళ్ళు తిరిగిందో దాని రంగు చూస్తేనే తెలుస్తుంది. దాని ఒక పక్క కటకటా కిందికి జారేది, బిడ్డను ఎత్తుకోవడానికి వీలుగా ఉంటుందని. మా వియ్యంకుడు అన్నయ్యగారు రైల్వేలో పనిచేసి రిటైరైనవారు. వచ్చిన మూడో రోజున, ఏమీ తోచక, టేపు ఒకటి అడిగి పుచ్చుకొని ఆ మంచం పక్కన కూర్చొన్నారు. అరగంట తర్వాత, "ఇది పనికిరాదు" అన్నారు.

ఆయన మాట నిజమే. పక్క జారే మంచాల్లో బోల్టులు వదులై, జారే పక్కకూ పరుపుకూ మధ్య సందు ఏర్పడి పిల్లలు ఇరుక్కుపోయిన సంఘటనలు జరిగినందువల్ల, అమెరికాలో 2011 నుంచి అటువంటివి తయారు చేయడం, అమ్మడం నిషేధించారు. ఊచకూ ఊచకూ మధ్య దూరం ఆరు సెంటీమీటర్లకు మించకూడదు. టేపు లేకపోతే కూల్‌డ్రింకు డబ్బా ఒకటి అడ్డంగా పెట్టి చూడండి. అది ఊచల మధ్య నుంచి దూరిందంటే ఆ మంచం బిడ్డకు పనికిరాదు. పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి. పరుపు అంచుకూ చట్రానికీ మధ్య రెండు వేళ్ళు దూరేంత సందు కూడా ఉండకూడదు. పెచ్చులూడే పాత రంగు ఉంటే అందులో సీసం ఉండవచ్చు, పిల్లలు ఊచలు కొరుకుతారు. ఇవన్నీ తాతయ్యల పనులు. చేతిలో టేపూ స్క్రూడ్రైవరూ పెట్టి చూడండి, మూడు రోజులుగా కిటికీలోంచి కార్లు లెక్కపెడుతున్న మనిషి ఎంత హుషారవుతారో. అన్నయ్యగారు ఆ తర్వాత ఇల్లంతా టేపు పుచ్చుకొని తిరిగారు. కర్టెను తాళ్ళు మంచానికి అందకుండా పైకి చుట్టి కట్టారు, ఏసీ జల్లెడలు విప్పి కడిగారు, బీరువాను గోడకు బిగించారు.

గది గురించి ఒక మాట. చాలామంది బిడ్డకు వేరే గది కావాలని హైరానా పడతారు. అక్కర లేదు. మొదటి ఆరు నెలలైనా బిడ్డ తల్లి గదిలోనే, కాని తన సొంత పక్క మీద పడుకోవడం మంచిదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. మనవాళ్ళు తరతరాలుగా చేసినదానికి ఇది దగ్గరే. తేడా అల్లా, ఒకే గది గాని ఒకే మంచం కాదు. కాబట్టి రెండు గదుల ఇల్లు చాలదన్న దిగులు వద్దు. తల్లి మంచం పక్కన చేయి చాస్తే అందేంత దూరంలో చోటు చేయండి. ఏసీ గాలి నేరుగా మీద పడని మూల చూడండి. బయట 45 డిగ్రీలున్నా గదిలో ఏసీ వేసి బిడ్డకు ఉన్ని టోపీ పెట్టే నాయనమ్మలను చూశాం. ఇంట్లో పడుకొన్న బిడ్డకు టోపీ వద్దు. చలో ఉక్కో తెలుసుకోవాలంటే చేతులూ కాళ్ళూ కాదు, రొమ్మో మెడ వెనకో తాకి చూడాలి.

ఇప్పుడు దిండు కథ.

మా వియ్యపురాలు వదినగారు రాజమండ్రి నుంచి ఆవాల దిండు తెచ్చారు. బిడ్డ తల గుండ్రంగా రావాలని ఆవాలు పోసి కుట్టే దిండు మీకు తెలిసిందే. గలీబు మామూలు గుడ్డ కాదు. కాలం చేసిన తమ అమ్మగారి నేతచీరలోంచి కత్తిరించి, చుట్టూ కాడకుట్టు వేసి తెచ్చారు. పెట్టె తెరిచి అందరికీ చూపించారు. మా అమ్మాయి చూడగానే, "దిండు వద్దత్తయ్యా, డాక్టరు వద్దన్నారు" అన్నది. దాని మాటలో తప్పు లేదు. అన్న తీరులో కొంచెం తొందర ఉంది. తప్పు చేసింది మేము. గొడవెందుకని ఆ దిండును మాట మాత్రం చెప్పకుండా బీరువాలో తువ్వాళ్ళ వెనక పెట్టేశాం. మర్నాడు తువ్వాలు కోసం వెతుకుతూ వదినగారే చూశారు. "దాచడమెందుకు వదినగారూ, పారేయలేకపోయారా" అన్నారు. రెండు రోజులు ఆ గదిలోకి అడుగు పెట్టలేదు. రాత్రి అన్నయ్యగారితో, టిక్కెట్టు ముందుకు మార్చుకొందామా అని అనడం మా చెవిన పడింది.

ఈ చిక్కు విప్పింది మా అమ్మాయే. ఆ వారం పరీక్షకు వెళ్ళేటప్పుడు మమ్మల్ని కాదని, "అత్తయ్యా, మీరు రండి" అని వదినగారిని వెంటబెట్టుకొని వెళ్ళింది. అక్కడ డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టి, "మా అత్తయ్యగారికి మీరే చెప్పండి" అన్నది. ఆ డాక్టరమ్మ ఓపికగా చెప్పిన సంగతులు ఇవి. పసిబిడ్డను ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టాలి. నిద్రపోయే పక్క మీద దిండు, మెత్తలు, బొంత, బొమ్మ ఏవీ ఉండకూడదు. మెడ నిలవని బిడ్డ ముఖం మెత్తనిదాంట్లో కూరుకుపోతే తల తిప్పుకోలేదు, ఏడవనూ లేదు. 1992లో అమెరికా పిల్లల వైద్యులు బోర్లా పడుకోబెట్టవద్దని చెప్పడం మొదలుపెట్టారు. ఆ తర్వాత పదేళ్ళలో అక్కడ నిద్రలో హఠాత్తుగా పోయే పసిపిల్లల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది.

వదినగారు ఒకటే ప్రశ్న అడిగారట: "మరి తల చదునైతే?" డాక్టరమ్మ మంచి ప్రశ్న అని మెచ్చుకొని, మెలకువగా ఉన్నప్పుడు కాసేపు బోర్లా పడుకోబెట్టి ఆడించమనీ, పడుకోబెట్టేటప్పుడు ఒక పూట తల అటు, ఒక పూట ఇటు ఉండేలా చూడమనీ చెప్పారు. ఆ ఆడించే పని నాయనమ్మదేనని కూడా అన్నారట.

ఇంటికి వచ్చాక వదినగారు తిన్నగా గదిలోకి వెళ్ళి, మేము ముచ్చటగా పక్క చుట్టూ కట్టిన మెత్తని దడి విప్పి మా చేతికిచ్చారు. "ఇది కూడా ఉండకూడదట" అన్నారు. అది మేము కొన్నది! ఆ తర్వాత ఆ పక్కకు ఆవిడే కాపలా. ఎవరైనా చూడ్డానికి వచ్చి ఎలుగుబంటి బొమ్మ పక్క మీద పెడితే, వాళ్ళు గుమ్మం దాటేలోగా తీసేసేవారు. ఆవాలు మా పోపులడబ్బాలోకి వచ్చాయి. గలీబు సంగతి ఇప్పుడు చెబుతాం.

గుడ్డల పని అమ్మమ్మలదీ నాయనమ్మలదీ. ఇక్కడి దుకాణాల్లో దొరికే పిల్లల బట్టలు ఎంత అందంగా ఉన్నా, వందసార్లు ఉతికిన పాత పంచెకున్న మెత్తదనం వాటికి రాదు. ఊరి నుంచి వచ్చేవాళ్ళు పచ్చళ్ళ బరువు కొంచెం తగ్గించుకొని నాలుగు పాత పంచెలు, నాలుగు నూలుచీరలు తెచ్చుకోండి. వేడినీళ్ళలో ఉతికి, ఎండలో ఆరేసి, పొత్తిళ్ళకూ లంగోటీలకూ కత్తిరించుకోండి. ఘుబ్రా ఎండ ఈ ఒక్క పనికి వరం, దుమ్ము రేగిన రోజు మాత్రం ఆరవేయకండి. పొత్తిళ్ళలో చుట్టేటప్పుడు రొమ్ము దగ్గర బిగించవద్దు, కాళ్ళు కదిలేంత వదులు ఉండాలి, బోర్లపడటానికి ప్రయత్నించే రోజు రాగానే చుట్టడం మానాలి.

మరి బొంత? నిద్రపోయే పక్క మీద వద్దన్నాం గాని ఇంట్లో వద్దనలేదు. మేమిద్దరు వియ్యపురాళ్ళం కలిసి పాతచీరలు నాలుగు పొరలు వేసి ఒక బొంత కుట్టాం. సరిగ్గా మధ్యన ఆ ఆవాల దిండు గలీబును అతికించారు వదినగారు. హాల్లో చలువరాళ్ళ మీద చాప, చాప మీద బొంత. మెలకువగా ఉన్నంతసేపూ మా మనవరాలు బోర్లాపడి ఆడిందీ, మొదటిసారి తల ఎత్తిందీ, తన ముత్తవ్వ చీర మీదే. పక్కన ఒక పెద్దవాళ్ళు కూర్చొని ఉండాలి, అదొక్కటే షరతు.

మా ఇంట్లో నెగ్గిన సూత్రం ఇదే. నిద్రపోయే పక్క ఖాళీగా ఉండాలి. పెద్దలు తెచ్చిన ప్రతిదానికీ ఇంట్లో ఇంకో చోటు దొరకాలి. ఆ చోటు చూపించకుండా వద్దంటే వద్దన్నది వస్తువును కాదు, మనిషిని అన్నట్టు వినిపిస్తుంది.

చీర ఉయ్యాలకూ ఇదే వర్తిస్తుంది. గుడ్డ ఉయ్యాలలో వీపు వంగి, గడ్డం రొమ్ముకు ఆని, బిడ్డకు ఊపిరి ఇబ్బంది కావచ్చు. కాబట్టి రాత్రి నిద్రకు అది వద్దు. ఇరవై ఒకటో రోజున ఉయ్యాలలో వేసి, పేరంటాళ్ళు లాలిపాటలు పాడి, అక్షింతలు వేసి, నిద్ర పట్టగానే తీసి చదునైన పక్క మీద పడుకోబెట్టండి. వేడుకకు లోటు లేదు, బిడ్డకు భయం లేదు.

నూతిలో చేద వేసే వేడుక మాట వచ్చింది. ఘుబ్రాలో నుయ్యి ఎక్కడుంది? మా అమ్మ 1993లో ఇదే ప్రశ్న వేసింది. ఈ ఘుబ్రా తీరాన 1976లోనే సముద్రపు నీళ్ళను మంచినీళ్ళుగా మార్చే కర్మాగారం మొదలైందనీ, కుళాయిలో వచ్చేది సముద్రమేననీ చెప్పాం. "అయితే సముద్రుడికే బొట్టు పెడదాం" అని కుళాయికి పసుపూ కుంకుమా పెట్టింది. కిందటేడు మేమూ అదే చేశాం.

నీళ్ళ దగ్గర కొత్తగా వచ్చిన పెద్దలకు ఒక హెచ్చరిక. వేసవిలో ఇక్కడ చన్నీళ్ళ కుళాయి తిప్పితే డాబా మీది ట్యాంకులో కాగిన నీళ్ళు వస్తాయి. ఊళ్ళోలాగా చన్నీళ్ళు కదా అని నేరుగా బిడ్డ మీద పోస్తే ఒళ్ళు కాలుతుంది. ఎండాకాలమంతా గీజరు కట్టేసి ఉంచితే అందులో నిలిచిన నీళ్ళే కాస్త చల్లగా ఉంటాయి. మన ఇళ్ళలో చాలామంది చేసే పనే. ఏ కుళాయి నీళ్ళైనా ముందు బకెట్లో పట్టి, మోచేయి ముంచి చూసి పోయాలి. కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోసే అమ్మమ్మలకు స్నానాలగదిలో జారని చాప ఒకటి, వీపు ఆనుకోవడానికి గోడ పక్కన చెక్కపీట ఒకటి సిద్ధం చేయండి. బిడ్డ గది సర్దడమంటే అమ్మమ్మ నడుము కూడా చూసుకోవడమే. బొడ్డు ఊడేదాకా దాన్ని పొడిగా ఉంచాలి, పసుపూ ఆముదమూ పూయవద్దు.

సాంబ్రాణి దగ్గర మన పెద్దలకు ఇక్కడివాళ్ళు చుట్టాలే. ఒమానీ ఇళ్ళలో లుబాను పొగ లేని శుభకార్యం ఉండదు. దోఫార్‌లో ఆ చెట్లు పెరిగే నేలను, పాత వర్తక రేవులను కలిపి 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ముత్రా బజారులో లుబాను గుట్టలు చూసి మా వదినగారు ఎంత సంతోషించారో! కాని తలుపులు బిగించి ఏసీ వేసిన గదిలో పొగ బయటికి పోదు. నెలల బిడ్డ ఊపిరితిత్తులకు అది మంచిది కాదు. బిడ్డ లేని సమయంలో, ముందు గదిలో, కిటికీ తెరిచి వేసుకోండి. తల్లి జుట్టు ఆరబెట్టుకోవడానికి కావాలంటే బాల్కనీ ఉంది.

కాటుక విషయం కొంచెం గట్టిగానే చెప్పాలి. బజారు సుర్మా బిడ్డ కళ్ళకు పెట్టకండి. ఒమాన్‌లో అమ్మే సుర్మా నమూనాలను పరీక్షించి 1998లో ప్రకటించిన ఒక పరిశోధనలో కొన్నింట్లో సీసం ఉన్నట్టు తేలింది. సీసం పిల్లల మెదడుకు చేటు. ఇంట్లో ఆముదం దీపానికి పట్టిన కాటుకైనా కంట్లోకి వేలు పోనివ్వవద్దు. దిష్టిచుక్క అరికాలికి పెట్టండి, దిష్టి కళ్ళకు అదీ కనిపిస్తుంది. తేనె నాకించే అలవాటు కూడా ఏడాది నిండేదాకా మానుకోవాలి. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసిపేగులకు ప్రమాదకరం. ముర్రుపాలను మించిన తేనె లేదు.

బొమ్మల విషయంలో మన తాతయ్యలకు తిరుగులేదు. అనకాపల్లి దగ్గర ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి, లక్కలో చెట్లూ చేమల రంగులు కలిపి చేసే గిలకలు, బొంగరాలు 2017లో భౌగోళిక గుర్తింపు పొందాయి. ఆ సహజరంగులను తిరిగి నిలబెట్టిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. వచ్చేటప్పుడు ఒక గిలక తీసుకురండి, సహజరంగులదేనా అని అడిగి, ఊడే ముక్కలు లేవని చూసి. కొండపల్లి బొమ్మలు కూడా తెండి గాని అవి అలమారుకు. తెల్లపొణికి కర్ర ముక్కలను చింతగింజల ముద్దతో అతికించి రంగులు వేస్తారు. చూడ్డానికే తప్ప నోట్లో పెట్టుకోవడానికి కావు.

కారు సీటు గురించి. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేటప్పుడు బిడ్డను ఒళ్ళో పెట్టుకోవాలని ప్రతి నాయనమ్మకూ ఉంటుంది. 2018 నుంచి ఈ దేశంలో నాలుగేళ్ళలోపు పిల్లలకు కారులో ప్రత్యేకమైన సీటు తప్పనిసరి. చట్టం మాట అలా ఉంచి, గట్టిగా బ్రేకు వేస్తే ఎవరి చేతులూ బిడ్డను పట్టి ఆపలేవు. తాతయ్యలు ఆ సీటును వారం ముందే బిగించి, బియ్యం మూట కట్టి పరీక్షించవచ్చు. మా అన్నయ్యగారు అయిదు కిలోల సోనామసూరి మూటను కట్టి ఘుబ్రా వీధుల్లో రెండు చుట్లు తిప్పించారు.

పెద్దలు తమను తాము సిద్ధం చేసుకోవడం కూడా మరవకూడదు. కోరింతదగ్గు టీకా గురించి బయలుదేరే ముందే మీ డాక్టరును అడగండి. వేయించుకోమంటే బిడ్డను ఎత్తుకోవడానికి కనీసం రెండు వారాల ముందు పడాలి. జలుబు చేసిన రోజు బిడ్డకు దూరంగా ఉండండి, ముద్దులు వాయిదా వేయండి. బీపీ, షుగరు మాత్రలు మూడు నెలలకు సరిపడా డాక్టరు చీటీతో సహా తెచ్చుకోండి. వాటిని తలగడ కింద గాక ఎత్తులో పెట్టండి.

ఇదంతా చేశాక అసలు పని మొదలవుతుంది. మా వదినగారు ఒక రాత్రి రెండు గంటలకు బిడ్డను భుజాన వేసుకొని హాల్లో తిరుగుతుంటే, మా అమ్మాయి పదిరోజుల తర్వాత మొదటిసారి నాలుగు గంటలు ఏకధాటిగా నిద్రపోయింది. పొద్దున్నే లేచి, "అత్తయ్యా, రాత్రి నేను బిడ్డ ఏడుపే వినలేదు" అని భయపడుతూ వచ్చింది. "విననక్కర్లేదు, అందుకేగా నేనొచ్చింది" అన్నారు ఆవిడ. ఆ నాలుగు గంటల నిద్రను ఏ దుకాణంలోనూ అమ్మరు.

ఉగాది నాడు అడిగిన సోదరికి మా జవాబు ఇదే. మీరు తెచ్చిన వాటిలో కొన్ని ఆ పక్క మీదికి చేరవు. బాధపడకండి, వాటికి ఇంట్లో వేరే చోటు అడగండి. మీ అమ్మాయి ఇచ్చిన జాబితాలో తెలియనివి ఉంటే, ఈసారి తనతో డాక్టరు దగ్గరకు మీరూ వెళ్ళండి. ఆ ఇంట్లో రాత్రి రెండు గంటలకు ఎత్తుకొనే భుజం మీదొక్కటే.

మా వియ్యాలవారు మూడు నెలలకు రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆ వారమే అమ్మాయి బిడ్డతో సొహార్ వెళ్ళింది. మంచం విప్పి కారెక్కించాం, బొంత చుట్టి పైన పెట్టాం. గది మళ్ళీ ఖాళీ అయింది. ఈ ఖాళీ మంచి ఖాళీ అని అమ్మ ఉంటే చెప్పుకొనేవాళ్ళం.

చివరిగా ఒక మనవి. మీ ఇంట్లో పిల్లలు ఎదిగి మంచం ఊరికే ఉంటే, వచ్చే శుక్రవారం సమావేశంలో చెప్పండి. కావలసినవారికి చేర్పిద్దాం. పక్క జారే రకమైతే మాత్రం ఇవ్వకండి, ఎవరికీ ఇవ్వకండి, విరగ్గొట్టి పారేయండి. మిగతావాటిని కొలవడానికి టేపు మా దగ్గర ఉంది. అన్నయ్యగారు వెళ్ళేటప్పుడు కావాలనే మరచిపోయి వెళ్ళారు.

వచ్చే నెల ఆవకాయ కబుర్లు. మామిడికాయ ఇక్కడ ఎక్కడ పుల్లగా దొరుకుతుందో తెలిసినవారు ఈలోగా చెబితే సంతోషిస్తాం. సెలవు.